బావి తవ్వకమునందు గాలిసమ్మెట: దానిని అమర్చు విధమును, అపాయము లేక వాడు విధమును

బావిక్రింద సేద్యము చేయు రైతుల ఉపయోగార్థము

1. ఈ పత్రము యొక్క ఉద్దేశము

తెలంగాణపు జిల్లాలలో బావిని నమ్ముకొని సేద్యము చేయు రైతులకు రాయి క్రొత్త సంగతి కాదు. పైని ఎర్రమట్టియు, దానిక్రింద మొరమును దాటినపిమ్మట గ్రానైటు జాతికి చెందిన కఠినశిల ఎదురగును. హైదరాబాదు పాతనగరమున ఛత్రినాక ఇండ్ల పునాదుల క్రిందను, చాంద్రాయణగుట్ట మీదను, నల్లగొండ, మహబూబునగరు జిల్లాల బావుల అడుగునను కనబడునది ఒక్క తరగతి రాయియే. దీని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములని భూగర్భశాస్త్రజ్ఞులు నిర్ణయించియున్నారు. ఇట్టి రాతిలో నీరు రాతియందుండక, దాని పగుళ్లయందును, పైని చివికిన పొరయందును మాత్రమే నిలుచును. కావున నీరు తగ్గిన సంవత్సరమున రైతు బావిని మరికొంత లోతు చేయింపగోరుట సహజము.

పూర్వము ఈ పనిని ఒకడు ఉలి పట్టుకొనగా మరియొకడు సమ్మెటతో కొట్టి చేయుచుండిరి. వడ్డెరలు ఈ విద్యయందు ఆరితేరినవారు. తరువాతి కాలమున గాలి ఒత్తిడిచే పనిచేయు సమ్మెట వచ్చినది. దీనిని జనులు జాక్‌హ్యామరనియు, దీనికి గాలినిచ్చు యంత్రమును కంప్రెసరనియు పిలుచుచున్నారు. ట్రాక్టరుపై అమర్చిన కంప్రెసరును కిరాయికి తెచ్చి బావులను లోతు చేయించుట గ్రామములలో సర్వసామాన్యమైనది. పని త్వరగా సాగుననుట నిజమే. అయితే త్వరతోపాటు అపాయమును వచ్చినది. ఆ అపాయమెట్టిదో, దానిని తప్పించుట యెట్లో, పని చేయించు భూస్వామి యొక్క జవాబుదారి యెంతయో ఈ పత్రమున వివరింపబడును.

2. గాలిసమ్మెట పుట్టుక

ఫ్రాన్సు, ఇటలీ దేశముల మధ్య ఆల్ప్సు పర్వతములను తొలిచి రైలుమార్గము వేయు పని 1857 లో మొదలయ్యెను. తొలుత మనుష్యులు చేతితోనే రంధ్రములు చేసిరి. పని మిక్కిలి మందముగ సాగెను. 1861 లో జెర్మేన్ సొమ్మెయ్యే అను ఇంజనీరు ఒత్తిడి గల గాలిచే నడచు యంత్రములను ప్రవేశపెట్టెను. 1870 డిసెంబరులో రెండువైపుల త్రవ్వువారును కొండ నడుమ కలిసికొనిరి. 1871 లో మార్గము తెరువబడెను. పొగయు నిప్పును లేకుండ సొరంగములోనికి శక్తిని పంపుటకు గాలి మిక్కిలి అనువైనదని లోకము గ్రహించెను. తరువాత గనులలోను, రాళ్ల క్వారీలలోను, కాలక్రమమున మన బావులలోను ఈ పద్ధతి వ్యాపించెను.

3. యంత్రము పనిచేయు విధము

కంప్రెసరు బయటిగాలిని పీల్చి, అదిమి, ఒక ఇనుపపీపాలో నిల్వచేయును. ఆ గాలి రబ్బరుగొట్టము ద్వారా సమ్మెటకు చేరి, లోపలి ముషలమును నిమిషమునకు సుమారు రెండువేల పర్యాయములు ముందునకును వెనుకకును త్రోయును. ముషలము ఉక్కు రాడ్డును కొట్టును. రాడ్డు రాతిని నలుగగొట్టుచు తిరుగును.

పని జరుగునప్పుడు గాలి ఒత్తిడి సాధారణముగ చదరపు సెంటీమీటరునకు 5 మొదలు 7 కిలోగ్రాముల వరకు ఉండును. 6 కిలోగ్రాములని లెక్కించినచో, అది చదరపు అంగుళమునకు సుమారు 85 పౌనులగును. ఈ అంకె చిన్నదిగ తోచవచ్చును. కాని పీపా యొక్క మూత అడ్డుకొలత 40 సెంటీమీటర్లైనయెడల, దాని విస్తీర్ణము సుమారు 1,250 చదరపు సెంటీమీటర్లు. దానిపై పడు బలము సుమారు 7,500 కిలోగ్రాములు. బస్తా 75 కిలోల చొప్పున నూరు బస్తాల వడ్ల బరువు ఆ మూతను లోపలినుండి నెట్టుచున్నదని తెలిసికొనవలెను. గాలి కంటికి కనబడదు గనుక దాని బలమును మనుష్యులు మరచుచున్నారు. అపాయములలో సగము ఈ మరపువలననే కలుగును.

4. కిరాయికి కుదుర్చుకొనుటకు ముందు చూడవలసినవి

యంత్రము పరునిదైనను బావి తనది. కావున రైతు స్వయముగ ఈ క్రింది సంగతులను కంటితో చూచి, పిమ్మటనే పనికి అనుమతింపవలెను.

(అ) పీపాకు ఒత్తిడి చూపు గడియారముండవలెను. దాని ముల్లు కదలవలెను. యంత్రమాగి గాలి పూర్తిగ పోయినపుడు ముల్లు సున్న వద్దకు రానియెడల ఆ గడియారము నమ్మదగినది కాదు.

(ఆ) ఒత్తిడి మితిమీరినప్పుడు తనంత తెరచుకొని గాలిని వదలు సేఫ్టీవాల్వు ఉండవలెను. కొందరు అది మాటిమాటికి తెరచుకొనుచున్నదని దానిని తీగతో బిగించి కట్టుదురు. లేదా బిరడా కొట్టుదురు. ఇట్టి యంత్రమును పొలములోనికి రానీయరాదు.

(ఇ) పీపా అడుగున నీరు విడుచు కుళాయి ఉండవలెను. అదిమిన గాలి చల్లబడినప్పుడు అందలి తేమ నీరై అడుగున చేరును. ఆ నీటివలన ఇనుము లోపలినుండి త్రుప్పుపట్టి పలుచబడును. పైరంగు మాత్రము క్రొత్తగనే యుండును. ప్రతిదినము ఆ కుళాయిని విప్పి నీటిని వదలవలెను. త్రుప్పుతిని సొట్టలుపడినదియు, పలుమారు వెల్డింగు చేయబడినదియునగు పీపాను తిరస్కరింపవలెను.

(ఈ) ఫ్యానుబెల్టుకును, తిరుగు చక్రములకును కప్పు ఉండవలెను.

(ఉ) కంప్రెసరు యిచ్చు గాలి సమ్మెటలకు చాలినంత ఉండవలెను. చేతితో పట్టు సమ్మెట ఒక్కటికి నిమిషమునకు సుమారు 100 ఘనపుటడుగుల గాలి పట్టును. సరియైన అంకె యంత్రముపై నున్న రేకుమీద చూడవలెను. చాలని గాలితో రెండు సమ్మెటలను నడిపినచో పని సాగక, పనివాడు మేనిబరువునంతయు యంత్రముపై మోపును. అందువలన రాడ్డు విరుగుటయు, మనిషి పడుటయు సంభవించును.

5. అమర్చు విధము

కంప్రెసరును బావి గట్టుకు దూరముగ, గట్టి నేలమీద నిలిపి, చక్రములకు రాళ్లు అడ్డువేయవలెను. గట్టు అంచున నిలిపినచో దాని అదురుపాటువలన మట్టిపెళ్లలు లోపలివారిమీద పడును. గాలి వీచు దిక్కును గమనించి, ఇంజను పొగ బావివైపునకు పోకుండునట్లును, ఆ పొగను కంప్రెసరే మరల పీల్చుకొనకుండునట్లును నిలుపవలెను. ఏ కారణముచేతనైనను ఇంజనును బావిలోనికి దింపరాదు. ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు కలదు. దానికి రంగును వాసనయు లేవు. మనిషికి తెలియకుండగనే స్పృహ తప్పించి చంపును.

రబ్బరుగొట్టము ఆ ఒత్తిడికి తగినదిగ ఉండవలెను. పగుళ్లు, ఉబ్బులు, కోతలు గల గొట్టమును వాడరాదు. గొట్టపు కొసలను కప్లింగులకు సరియైన బిగింపుపట్టీలతో బిగింపవలెను. ఇనుపతీగ చుట్టి సరిపెట్టరాదు. రెండు కప్లింగులు కలియుచోట అవి తిరిగి ఊడకుండ పిన్ను వేయవలెను. అదిగాక, ప్రతి అతుకు వద్దను రెండు గొట్టములను కలుపుచు ఒక ఉక్కుతాడు కట్టవలెను. లోపలి కొలత 2.5 సెంటీమీటర్లు గల గొట్టపు కొసనుండి 6 కిలోగ్రాముల ఒత్తిడితో గాలి వెడలునప్పుడు సుమారు 30 కిలోగ్రాముల త్రోపు కలుగును. అతుకు ఊడినయెడల ఇనుపకప్లింగుతో కూడిన ఆ గొట్టము కొరడావలె కొట్టుకొనును. దాని దెబ్బకు తల పగులును. ఉక్కుతాడు ఆ కొరడాను పట్టి నిలుపును. పీపా వద్దనే, గొట్టము తెగినప్పుడు గాలిని దానంతట తగ్గించు కవాటమును అమర్చుట మరియు మేలు.

గొట్టమును బావిలోనికి వ్రేలాడదీయునప్పుడు దాని బరువు కప్లింగుపై పడరాదు. గట్టున గట్టి గుంజ పాతి, గొట్టమును మోకుతో దానికి కట్టవలెను. సమ్మెటకు తగిలించుటకు ముందు గొట్టపు కొసను గట్టిగ పట్టుకొని, మనుష్యులు లేని దిక్కునకు త్రిప్పి, కొద్దిగ గాలిని వదలి లోపలి దుమ్మును వెడలగొట్టవలెను. సమ్మెటకు ప్రత్యేకించిన నూనెనే నూనెబుడ్డిలో పోయవలెను. కిరసనాయిలు, డీజలు పోసినచో అవి మండి ప్రేలవచ్చును.

సమ్మెటను, రాడ్లను మోకుతో వేరుగ దింపవలెను. అవి దిగునప్పుడు క్రింద ఎవ్వరును నిలువరాదు. గొట్టమును పట్టుకొని సమ్మెటను లాగుటగాని ఎత్తుటగాని కూడదు.

6. నడుపు విధము

పనివాడు కాళ్లకు గట్టి బూట్లును, తలకు టోపియు, కండ్లకు అద్దములును ధరింపవలెను. ధోవతి అంచును, తువాలు కొసను వ్రేలాడనీయక లోనికి చెక్కుకొనవలెను; తిరుగుచున్న రాడ్డు బట్టను చుట్టుకొని మనిషిని లాగివేయును.

రంధ్రము మొదలుపెట్టునప్పుడు మీటను కొద్దిగనే తెరచి, రాడ్డు రాతిలో కుదురుకొనిన పిమ్మట పూర్తిగ తెరువవలెను. రాడ్డును చేతితోగాని పాదముతోగాని పట్టియుంచరాదు. కాళ్లు ఎడముగ నుంచి, సమముగ నిలిచి పనిచేయవలెను. రాడ్డు అకస్మాత్తుగ విరిగినను ముందునకు పడకుండునట్లు నిలుచుట ముఖ్యము. నిచ్చెనమీద నిలిచి సమ్మెటను నడుపరాదు. రాడ్డు ఇరుకుకొన్నయెడల గాలిని ఆపి, పిమ్మటనే విడదీయవలెను.

గాలిని ఆపుటకు గొట్టమును మడచిపట్టుట చాలచోట్ల కనబడు దురభ్యాసము. పీపా వద్ద కుళాయి మూసి, సమ్మెట మీటను నొక్కి గొట్టములోని గాలినంతయు పోనిచ్చి, అటుపిమ్మటనే అతుకు విప్పవలెను. రాడ్డు మార్చుటకును ఈ క్రమమే.

ఒడలిమీది దుమ్మును గాలిగొట్టముతో దులుపుకొనరాదు. ఆ గాలి కంటిని పోగొట్టును, చెవి తెరను చీల్చును, గాయముగుండ నెత్తురులో ప్రవేశించును. హాస్యమునకైనను గొట్టమును మరియొకని దేహమునకు పెట్టరాదు. అట్టి పరిహాసమువలన ప్రేగులు పగిలి మృతినొందినవారు కలరు.

7. కనబడని శత్రువు: రాతిధూళి

ఇంతవరకు చెప్పిన అపాయములు క్షణములో కనబడునవి. ధూళి యట్టిది కాదు. అది పదియేండ్లకు, ఇరువదియేండ్లకు తన పని చూపును. ధూళి మిక్కుటమైనచో కొలది నెలలలోనే చూపును.

గ్రానైటులో సిలికా అను పదార్థము విశేషముగ నున్నది. సమ్మెట దెబ్బకు అది పొడియై లేచును. కంటికి కనబడు ధూళి చాలవరకు ముక్కునందే ఆగును. వెంట్రుక మందములో పదవవంతుకంటె సన్నని రేణువులు మాత్రము ఊపిరితిత్తుల లోతునకు పోయి అచ్చటనే నిలిచిపోవును. వానిచుట్టు మచ్చలు కట్టి ఊపిరితిత్తి గట్టిపడును. దీనిని సిలికోసిసు అందురు. ఒకసారి వచ్చినయెడల దీనిని పోగొట్టు మందు లేదు. పని మానినను రోగము ముదురుచుండును. ఇది గలవారికి క్షయయు సులభముగ సోకును. దగ్గును ఆయాసమును చూచి వట్టి క్షయయేయని తలచి చికిత్స చేయుటయు కలదు. కావున రాతిపని చేసినవాడు వైద్యునికి తన పని యేదో తప్పక చెప్పవలెను.

మైసూరు సంస్థానపు కోలారు బంగారు గనులలో తమిళులతోపాటు తెలుగువారనేకులు పనిచేసిరి. 1940 మొదలు 1946 వరకు అచ్చట జరిగిన వైద్యపరీక్షలో, చూడబడిన ఏడువేలకు పైబడిన కార్మికులలో నూటికి నలువదిమందికి పైగా ఈ రోగము కనబడెను. 2001 లో ఆ గనులు మూతపడినవి. అమెరికాలో వెస్టు వర్జీనియా రాష్ట్రమున హాక్స్‌నెస్టు అనుచోట 1930, 1931 సంవత్సరములలో సిలికా మెండుగ గల కొండను నీరు లేకయే తొలిపించిరి. అచ్చట పనిచేసినవారు వందలకొలది మృతినొందిరి.

దీనికి మందు లేదుగాని అడ్డు కలదు. ఆ అడ్డు నీరు. 19వ శతాబ్దాంతముననే జార్జి లేనర్ అను అమెరికా దేశస్థుడు, బోలుగానున్న రాడ్డు గుండ నీటిని రంధ్రపు అడుగునకు పంపు సమ్మెటను నిర్మించెను. ధూళి పుట్టినచోటనే బురదయై పోవును. ఇట్టి నీటిసమ్మెటను అడిగి తెప్పించుకొనవలెను. నీటికి నిమిషమునకు కొద్ది లీటర్లు చాలును. నీటి ఒత్తిడి గాలి ఒత్తిడికంటె తక్కువగ నుండవలెను; లేనిచో నీరు యంత్రములోనికి పోవును. నీటిసమ్మెట దొరకనిచోట రంధ్రపు మూతి వద్ద ఎడతెగక నీటిధారను పోయవలెను. ఇది మొదటిదానికి సాటిరాదు గాని పొడిగ తొలుచుటకంటె మేలు.

బావి నాలుగువైపుల మూయబడిన స్థలము గనుక ధూళి పైకి పోక లోపలనే తిరుగును. బయలున పనిచేయువానికంటె బావిలో పనిచేయువానికి అపాయమెక్కువ. ముఖమునకు చుట్టుకొను తువాలు ఈ సన్నని ధూళిని ఆపజాలదు. సన్నరేణువులను వడగట్టు ముఖతొడుగునే, ముఖమునకు బిగువుగ అంటునట్లు, నీటితోపాటు వాడవలెను. నీటికి బదులుగ కాదు.

8. అదురును, చప్పుడును

1918 లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున సున్నపురాతి క్వారీలలో గాలియులులు వాడువారిని ఆలిస్ హామిల్టన్ అను వైద్యురాలు పరీక్షించెను. చలివేళ వారి వ్రేళ్లు తెల్లబడి మొద్దుబారుట కనుగొనెను. అదురుపాటువలన వ్రేళ్ల రక్తనాళములు చెడుటయే దీనికి కారణము. మొదట ఒక్క వ్రేలి కొన మాత్రమే తెల్లబడును. పని మానక సాగించినచో గుండీ పెట్టుకొనుటకైనను చేయి స్వాధీనము కాదు. కావున ఒక్కనిచే దినమంతయు నడిపింపక, ఇద్దరు ముగ్గురు వంతులవారీగ నడుపవలెను. పిడిని అవసరమైనంతకంటె బిగించి పట్టరాదు. చలికాలపు ఉదయమున చేతులను వెచ్చచేసికొని పనికి దిగవలెను.

చేయిచాపు దూరమున నిలిచినవానితో అరచిననేగాని మాట వినబడనియెడల ఆ చప్పుడు చెవికి హానికరము. బావి గోడలు ఆ చప్పుడును మరింత పెంచును. చెవులలో బిరడాలుగాని, చెవులపై మూతలుగాని పెట్టుకొనవలెను. మాట వినబడదు గనుక గట్టునున్నవానికిని లోపలివానికిని చేతిసైగలు ముందుగనే నిర్ణయించుకొనవలెను.

9. మందు ప్రేల్చుటయు, బావిలోని గాలియు

ప్రేలుడుమందు నుంచుకొనుటకును, వాడుటకును 1884 నాటి ప్రేలుడుపదార్థముల చట్టము ననుసరించి అనుమతి ఉండవలెను. అనుమతియు నేర్పును గలవానిచేతనే ఆ పని చేయింపవలెను. ఇచ్చట సమ్మెట పనివానికి సంబంధించిన ఒక్క నియమమును నొక్కి చెప్పుచున్నాము. మునుపు ప్రేల్చిన రంధ్రపు మిగులుభాగములో, అది సగము తొలిచియే యున్నదికదా యని, మరల రాడ్డు పెట్టరాదు. ప్రేలక మిగిలిన మందు అడుగున నుండవచ్చును. రాడ్డు మొదటి దెబ్బకే అది ప్రేలును. కొద్దిసేపటి శ్రమను తప్పించుకొనగోరి ప్రాణములు పోగొట్టుకొనుట ఈ విధముననే జరుగుచున్నది. పాతరంధ్రములను కడిగి, గుర్తులుపెట్టి, క్రొత్తవానిని ఎడముగ తొలువవలెను.

ప్రేల్చినపిమ్మట విషవాయువులు బావిలో నిలుచును. పీపాలోని గాలిని గొట్టము ద్వారా అడుగునకు చాలసేపు వదలి, లోపలి గాలిని మార్చి, పిమ్మటనే మనుష్యులు దిగవలెను. దీపమును దింపి చూచుట పూర్వాచారము. దీపమారినచో దిగరాదనుట నిశ్చయము. ఆరకున్నంతమాత్రమున దిగవచ్చుననుకొనుట మాత్రము పొరపాటు. కార్బన్ మోనాక్సైడు ఉన్నను దీపము వెలుగుచునే యుండును.

దిగువాడు రొమ్మునకు మోకు కట్టుకొని దిగవలెను. గట్టున ఇద్దరు ఆ మోకును విడువక నిలువవలెను. లోపలివాడు సొమ్మసిల్లినయెడల అతనిని మోకుతో పైకి లాగవలెనేగాని మరియొకడు దిగరాదు. కొడుకు కొరకు తండ్రియు, అన్న కొరకు తమ్ముడును దిగి, ఒకే బావిలో ఒకే యింటివారు ఇద్దరు ముగ్గురు మరణించిన సంగతులు మన జిల్లాలలో వినబడుచునే యున్నవి. మోకు కట్టి దింపినచో రెండవవాడు దిగవలసిన అవసరమే కలుగదు.

10. కరారులో వ్రాయదగిన సంగతులు

బావిపనిని చాలచోట్ల అడుగుల లెక్కన గుత్తకిచ్చుచున్నారు. ఈ పద్ధతిలో పనివాడు ఎంత త్వరపడిన అంత లాభము. నీరు పోయుటకు ఆగడు, వాయువు పోవుటకు వేచియుండడు, పిన్ను వేయుటకు వంగడు. తప్పు పనివానియందు మాత్రమే యున్నదనుట న్యాయము కాదు. అతని అజాగ్రత్తకు కూలి కట్టిన పద్ధతియే కారణము. రైతు ఒక అడుగునకు కొంత తక్కువ యిచ్చి మిగిల్చితిననుకొనును గాని, ఒక్క మనిషి పడిపోయిననాడు ఆ మిగులు ఏ మూలకును చాలదు. మరియు, ఇరువది యేండ్ల తరువాత దగ్గుచు మంచమెక్కువాని పేరు ఏ రైతు లెక్కలలోను చేరదు. ఆ బాకీని అతని భార్యాబిడ్డలు తీర్చుచుందురు.

కావున కరారులో ఈ షరతులను వ్రాయించుట మేలు: నీటితోనే తొలువవలెను, ఆ నీటిని రైతు సమకూర్చును, ప్రేల్చినపిమ్మట వేచియుండు కాలమునకును మజూరీ చెల్లును, సమ్మెట నడుపువారు వంతులవారీగ మారుదురు, ఉక్కుతాళ్లు, పిన్నులు, ముఖతొడుగులు లేనిదే పని మొదలుకాదు, పదునెనిమిది సంవత్సరములు నిండనివారిని బావిలోనికి దింపరాదు. ఇందులకగు ఖర్చు బావి ఖర్చులో స్వల్పభాగము.

11. ప్రతిదినము పని మొదలుపెట్టుటకు ముందు

(1) పీపా అడుగు నీటిని వదలితిమా? (2) సేఫ్టీవాల్వును, గడియారమును చూచితిమా? (3) ప్రతి అతుకునకు పిన్నును ఉక్కుతాడును ఉన్నవా? (4) ఇంజను పొగ ఎటు పోవుచున్నది? (5) లోపలి గాలిని మార్చితిమా? (6) పాతరంధ్రములకు గుర్తులు పెట్టితిమా? (7) నీరు సిద్ధముగ నున్నదా? (8) మోకును పట్టు ఇద్దరును గట్టున నున్నారా?

ఈ ఎనిమిదింటిలో ఏ ఒక్కదానికైనను లేదను సమాధానము వచ్చినచో ఆ లోపము సవరింపబడువరకు యంత్రమును కదలింపరాదు. ఈ పత్రమును చదువనేర్చినవారు, యంత్రమును నడుపువారికిని గట్టున నిలుచువారికిని దీనిని చదివి వినిపింపవలెను.